ఇస్తాంబుల్‌లో ‘ఏమైందంట?’

చిన్నమ్మా,

ఈ టర్కీ దేశంలో బడిపిల్లలకు భూతకాలం ఒకటి కాదు, రెండని నేర్పిస్తారు. మొదటిది ‘గొర్యులెన్ గెచ్మిష్ జమాన్’, కళ్లతో చూసిన భూతకాలం. రెండోది ‘దుయులాన్ గెచ్మిష్ జమాన్’, చెవులతో విన్న భూతకాలం. జమాన్ అంటే మన సైదాబాద్‌లో రోజూ వినపడే జమానాయే. ఒక మనిషి వచ్చాడని చెప్పాలంటే, వాడు గుమ్మంలోకి రావడం నువ్వు చూసి ఉంటే ‘గెల్దీ’ అనాలి. ఎవరో చెబితే తెలిసిందా, ‘గెల్మిష్’. చూశావా, విన్నావా అన్నది తేల్చకుండా మామూలు మాటల్లో వాక్యం పూర్తి చేయడం కష్టం. తేల్చనంటే క్రియ నోట్లోనే ఆగిపోతుంది.

ఇస్తాంబుల్ అనగానే నువ్వు గోపురాల గురించి, పడవల గురించి, ఇక్కడి పిల్లుల గురించి రాస్తాననుకుంటావు. వాటి సంగతి ఫోన్‌లో వీడియోలు చూస్తే తెలుస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మన హైదరాబాదు మీదుగానే పోతూ, దారిలో చూసినవీ విన్నవీ స్నేహితుడికి రాసి పంపాడు. దూరదేశం పోయినవాళ్లు ఇంట్లోవాళ్లకు తెలియనిదే రాయాలి కదా. ఫోటోలో పడని వింత నాకు ఇక్కడ ఒకటే కనపడింది. అది వీళ్లు ప్రశ్న అడిగే తీరు.

ముందు ఈ ‘మిష్’ సంగతి కాస్త చెప్పనీ. క్రియ చివర తగిలించే తోక ఇది. ముందున్న అచ్చును బట్టి మిష్, ముష్ అని రూపం మార్చుకుంటుంది. మనం నదికి అంటాం, గురువుకు అంటాం. ‘కి’ ఎక్కడ, ‘కు’ ఎక్కడ అని ఆలోచించకుండానే నోరు చూసుకుంటుంది. ఇదీ అంతే. అర్థంలో మాత్రం ఇది అచ్చంగా నీ ‘అంట’. పాత పుస్తకాల్లో అరసున్నతో ‘అఁట’ అని రాసేవారు. ఆ సున్నను కోస్తావాళ్లు పోగొట్టుకుని ‘అట’ అంటున్నారు, మనం నిండుసున్న చేసి దాచుకున్నాం. ‘శంకరయ్య ఇల్లు అమ్మిండంట’ అన్నావంటే, కాగితాలు నువ్వు చూడలేదని, ఎవరో చెబితే చెబుతున్నావని, రేపు అది అబద్ధమని తేలితే నీ పూచీ లేదని అందరికీ తెలుసు. ఒక్క ‘అంట’లో ఇవన్నీ ఉన్నాయి. టర్కిష్‌వాడు కూడా ఒక్క మిష్‌తో ఇవన్నీ చెప్పేసుకుంటాడు.

అయితే వాళ్ల మిష్ మన అంటకంటే ఎక్కువ చాకిరీ చేస్తుంది. పొద్దున లేచి కిటికీ తెరిస్తే రోడ్డు తడిసి ఉందనుకో. మనం ‘వాన పడినట్టుంది’ అంటాం. ‘పడిందంట’ అంటే ఎవరు చెప్పారని అడుగుతావు. వీళ్లు మాత్రం అక్కడా ‘యామూర్ యామిష్’ అనే అంటారు. వాన పడుతుంటే చూడలేదు, ఆనవాలు చూశారు, అదే మిష్‌కు చాలు. ఇంకో సంగతి. మొదటిసారి ఒక కొత్త కూర నోట్లో పెట్టుకున్న మనిషి, తన నాలుకతోనే రుచి చూసి, ‘గ్యుజెల్మిష్!’ అంటాడు. మనమైతే ‘బాగుందే!’ అంటాం. ఇందులో ఎవరి దగ్గరా విన్నదేమీ లేదు. అనుకోనిది ఎదురైంది, ఇప్పుడే తెలిసింది, అంతే. మనం అంట, నట్టుంది, ఏ అని మూడింటితో చేసుకునే పని ఆ ఒక్క తోకతో జరిగిపోతుంది. మూడింట్లోనూ ఉన్న సంగతి ఒకటే: ఆ పని జరిగినప్పుడు నేను అక్కడ లేను, లేదా నా బుద్ధి అక్కడ లేదు.

ఇక ప్రశ్న దగ్గరికి వస్తా. టర్కిష్‌లో అవునా కాదా అని అడగాలంటే వాక్యం చివర ‘మీ’ అని ఒక చిన్న ముక్క పెడతారు. మనం వచ్చాడు చివర దీర్ఘం తీసి ‘వచ్చాడా?’ అన్నట్టు. ‘గెల్దీ మీ?’ అంటే వచ్చాడా. ‘గెల్మిష్ మీ?’ అన్నా వచ్చాడా అనే. మరి రెండిటికీ తేడా ఏంటి? చెప్పేటప్పుడు మిష్ అన్నవాడు తన సంగతి చెప్పుకుంటాడు, నేను చూడలేదు అని. అడిగేటప్పుడు అదే మిష్ ఎదుటివాడి సంగతి అవుతుంది. నువ్వు చూసి ఉండకపోవచ్చు, నీకు ఎట్లా తెలిసినా సరే, తెలిసింది చెప్పు అని అర్థం. అడిగినవాడికి ఏమీ తెలియదు కాబట్టి సాక్ష్యం చెప్పాల్సింది వాడు కాదు, జవాబు ఇచ్చేవాడు. అందుకే తోక కూడా మనిషిని మార్చుకుని జవాబుదారు వైపు పోతుంది.

ఇది పుస్తకంలో చదివితే తల తిరుగుతుంది కానీ చంపాపేట చౌరస్తాలో నువ్వు నిలబడితే తిరగదు. సాగర్ రోడ్డు మీద ఎవరో బండి మీంచి పడ్డారు, జనం మూగారు. పడ్డ మనిషి దగ్గరికి పోయి ఏమని అడుగుతావు? ‘ఏమైంది బిడ్డా?’ అంటావు. అదే గుంపు వెనక మునివేళ్ల మీద నిలబడి తొంగిచూస్తున్న మనిషిని అడిగితే? ‘ఏమైందంట?’ అంటావు. అతనూ చూడలేదని నీకు తెలుసు. అతను వెంటనే ‘ఎవరో పడ్డడంట’ అంటాడు. నీ అంటను అతను అందుకుని జవాబులో పెట్టి తిరిగి ఇచ్చేశాడు. సరిగ్గా ఇక్కడా ఇదే. పడ్డవాడిని ‘నె ఒల్దు?’ అని, చుట్టూ ఉన్నవాళ్లను ‘నె ఒల్ముష్?’ అని అడుగుతారు. ఎవరొచ్చారంట అనడానికి ‘కిమ్ గెల్మిష్?’, ఏమన్నాడంట అనడానికి ‘నె దెమిష్?’. విచిత్రం ఏంటంటే, కోపమొస్తే మనం ‘అయితే ఏందంట?’ అని ఎగరేస్తామే, అదీ ఉంది వీళ్లకు: ‘నె ఒల్ముష్ యానీ?’ చివరి యానీ మన ఉర్దూలో ఉన్న యానీయే. ట్రామ్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఈ మాటతో తగువు పడుతుంటే, భాష పూర్తిగా రాకపోయినా మన కాలనీలో ఎవరు గుర్తుకు రావాలో వాళ్లు గుర్తుకొచ్చారు. పేరు రాయను.

ఎవరు, ఏమి, ఎప్పుడు అని అడిగేటప్పుడు తెలుగూ టర్కిష్ చేయీ చేయీ పట్టుకుని నడుస్తాయి కానీ, అవునా కాదా దగ్గర విడిపోతాయి. నువ్వు ‘వచ్చిండంటనా?’ అన్నావంటే, వచ్చాడన్న కబురు అప్పటికే ఎక్కడో పుట్టింది, అది నీ చెవిన పడింది, ఇప్పుడు నిజమా కాదా అని నిలదీస్తున్నావు. కబురే లేకుండా ఆ ప్రశ్న రాదు. టర్కిష్‌లో ‘గెల్మిష్ మీ?’ అనడానికి కబురు పుట్టనక్కర్లేదు. నువ్వు ఇప్పుడే వంటింట్లోంచి వచ్చావు, నీ చెల్లెలు ముందుగదిలో ఉంది, గుమ్మంలో కొత్త చెప్పులేమైనా ఉన్నాయేమో చూసి చెప్పమని అడగాలి. అప్పుడు కూడా ‘గెల్మిష్ మీ?’ అనవచ్చు. నీకు ఏ ఆనవాలు దొరికితే ఆ ఆనవాలుతో చెప్పు అని. మన భాషలో ఈ అనుమతి ముందే ఇచ్చే ప్రశ్న లేదు. ‘వచ్చినట్టుందా?’ అని తిప్పుకోవాలి.

మేముండే ఉస్క్యుదార్ అనే పేటలో, కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటుంది. ఇక్కడ వయసు మళ్లిన ఆడవాళ్లందరినీ తెయ్‌జె అని పిలుస్తారు. అమ్మ చెల్లెలైనా అక్కయినా తెయ్‌జెయే, కాబట్టి వరసకు ఆవిడ నీకు అక్కో చెల్లెలో అవుతుంది. నేను హైదరాబాదు నుంచి వచ్చానని తెలిసిన రోజు ఆవిడ అడిగింది, మా సుల్తానుల ఆడపిల్లలు మీ ఊరికి ‘గెలిన్ గిత్మిష్లెర్ మీ?’ కోడళ్లుగా పోయారంట కదా, అని మనం చెప్పుకోవచ్చు. ఎంత జాగ్రత్త చూడు ఆ ప్రశ్నలో! వాళ్ల పెళ్లినాటికి నేను పుట్టలేదని ఆవిడకు తెలుసు, తనూ పుట్టలేదు. ఇద్దరం చూడనిదాన్ని ఇద్దరికీ ఇబ్బంది లేకుండా అడిగింది. నేనూ ‘గిత్మిష్లెర్’ అన్నాను.

చరిత్ర మాత్రం మిష్ అక్కర్లేనంత రూఢిగా ఉంది. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు దుర్రె షెహవార్ 1914లో ఈ ఉస్క్యుదార్‌లోనే ఉన్న చామ్లిజా కొండ మీద పుట్టింది. 1924 మార్చిలో ఖలీఫా పదవిని రద్దు చేసి ఆ వంశాన్ని దేశం నుంచి పంపేశారు. దొల్మాబాచె రాజభవనంలోంచి రాత్రికి రాత్రి బయటపడ్డ కుటుంబం చివరికి ఫ్రాన్స్‌లోని నీస్‌లో తేలింది. 1931 నవంబరులో అక్కడే ఆమెకు మన ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జాతోనూ, అదే వంశపు నీలోఫర్‌కు రెండో కొడుకు మోజం జాతోనూ పెళ్లిళ్లయ్యాయి. నువ్వు పిల్లలకు జ్వరమొస్తే రెడ్‌హిల్స్‌కు పరుగెత్తేదానివే, ఆ నీలోఫర్ ఆస్పత్రి ఈమె పేరుదే. పురానీ హవేలీ దగ్గరి దుర్రె షెహవార్ ఆస్పత్రి ఆమె పేరుది. నీలోఫర్ దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయిందంట, ఇంకే తల్లికీ అట్లా జరగొద్దని ఆస్పత్రి కట్టించాలని పట్టుబట్టిందంట. తెయ్‌జెకు ఈ ఆస్పత్రుల సంగతి తెలియదు. ఇప్పుడు కూడా పిల్లలకు అక్కడ వైద్యం చేస్తున్నారని చెప్పేటప్పుడు నేను మిష్ వాడలేదు. అది చూసిందే కదా.

అన్నిటికంటే వింత ‘నేను’ దగ్గర మిష్ రావడం. నేను చేసిన పని నేను చూడకుండా ఎట్లా ఉంటాను? ఉంటాను, నిద్రలో ఉంటే. కొన్యా వైపు పోయే రాత్రి బస్సుల్లో చాయ్ ఇస్తారు, దుప్పటి ఉండదు, అయినా నిద్ర పడుతుంది. లేచి పక్క సీటాయన్ను ‘హోర్లామిష్ మియిమ్?’ అని అడగవచ్చు. నేను గురక పెట్టానా అని. తెలుగులో గురక పెట్టానా అంటే చాలు. ఇక్కడ తోక చెప్పే ముక్క ఇంకొకటుంది: నాకు తెలియదు, సాక్షివి నువ్వే, ఏమన్నా ఒప్పుకుంటాను. ఇందులో కాస్త క్షమాపణ కూడా కలిసిపోతుంది.

అదే ‘నువ్వు’ దగ్గర మిష్‌తో అడగడం ప్రమాదం. నిన్న బజారుకు పోయావా అని ఎవరినైనా మిష్ పెట్టి అడిగావనుకో, తను చేసింది తనకే తెలియని మనిషిగా, తాగి పడిపోయినవాడిగా కట్టేసినట్టు అవుతుంది. కానీ చిన్నప్పటి సంగతికి మాత్రం అదే సరైన ప్రశ్న. పుట్టినప్పుడు ఎన్ని కిలోలు ఉన్నావంట అని అడగడానికి వీళ్లు ‘కాచ్ కిలోయ్‌ముష్‌సున్?’ అంటారు. తన పుట్టుక ఎవరూ చూడరు కదా, అమ్మ చెబితే వినాల్సిందే. ఇక్కడ తెలుగూ వాళ్లతోనే ఉంది. ‘ఎన్ని కిలోలున్నవంట?’ అని నువ్వూ అడుగుతావు, ‘ఎన్ని కిలోలున్నవు?’ అంటే ఎవరో తూకం కాగితం పట్టుకుని అడిగినట్టు ఉంటుంది.

పిల్లల ఆట ఒకటి రాయకపోతే ఈ ఉత్తరం దండగ. మన గల్లీలో ఆడపిల్లలు మెట్ల మీద కూర్చుని ‘నేను టీచర్నంట, నువ్వు స్టూడెంట్‌వంట, నాకు కోపమొచ్చిందంట’ అని ఆడుకుంటారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వినలేదు, అయినా అంట. ఇక్కడి పార్కులో పిల్లలు కూడా నువ్వు డాక్టరంట, నేను జబ్బు మనిషినంట అని మిష్ పెట్టుకునే ఆడతారు. మధ్యలో చేరిన పిల్ల ‘బెన్ నెయ్‌మిషిమ్?’ అని అడుగుతుంది. నేనెవర్నంట? వాస్తవం కాని లోకంలోకి గడప దాటేటప్పుడు రెండు భాషల పిల్లలూ ఒకే తాళంచెవి వాడుతున్నారు. దీని గురించి ఇద్దరూ ఎక్కడా మాట్లాడుకుని ఉండరు, ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు. కలలు చెప్పేటప్పుడూ అంతే. ‘కలలో నేను రైలు ఎక్కుతున్ననంట’ అంటావు నువ్వు. వీళ్లూ కలకు మిష్ కడతారు.

కథ చెప్పేవాళ్లు మిష్‌ను వదలరు. మనకు ‘అనగనగా’ ఉన్నట్టు వీళ్ల జానపద కథలు ఎక్కువగా ‘బిర్ వర్‌మిష్, బిర్ యొక్‌ముష్’ అని మొదలవుతాయి. ఒకసారి ఉందంట, ఒకసారి లేదంట. నస్రెద్దిన్ హొజా కథలైతే చాలావరకు ‘హొజాను అడిగారంట’ అనే ఎత్తుగడతో వస్తాయి. ఆయన సమాధి కొన్యా దగ్గరి అక్‌షెహిర్‌లో ఉందని చూపిస్తారు. మన ముల్లా నస్రుద్దీనే. కుండ కథ నీకు తెలిసే ఉంటుంది, ఇక్కడ వింటే దాని కీలు ఎక్కడుందో అర్థమైంది. హొజా పక్కింటాయన దగ్గర పెద్ద డేగిసా అరువు తెచ్చుకుని, తిరిగిచ్చేటప్పుడు లోపల ఒక చిన్న గిన్నె పెట్టి ఇచ్చాడంట. ఇదేందంటే నీ డేగిసా పిల్లను పెట్టింది అన్నాడంట. పక్కింటాయన మాట్లాడకుండా తీసుకున్నాడంట. రెండోసారి తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. అడిగితే చచ్చిపోయింది అన్నాడంట. డేగిసా చస్తుందా అని వాడు లేస్తే, పిల్లను పెట్టిందంటే నమ్మావు, చచ్చిందంటే నమ్మవా అని హొజా. చూశావా, కాన్పునూ చావునూ రెండింటినీ పక్కింటాయన చూడలేదు. తనకు లాభమున్న విన్నమాటను చూసినట్టు జేబులో వేసుకుని, నష్టమున్నదానికి మాత్రం సాక్ష్యం అడిగాడు.

మన కర్మన్‌ఘాట్ హనుమంతుడి కథ చెప్పమంటే నువ్వు ఎట్లా చెబుతావో నాకు కంఠతా వచ్చు. కాకతీయ రాజు ప్రోలరాజు వేటకొచ్చి అలిసి చెట్టుకింద కూర్చున్నడంట, రామా రామా అని వినపడ్డదంట, పోయి చూస్తే విగ్రహమంట. తర్వాత ఔరంగజేబు కూలగొట్టడానికి వస్తే గుడిలోంచి గొంతు వచ్చిందంట, గుడి కూలగొట్టాలంటే ‘కర్ మన్ ఘట్’, గుండె దిటవు చేసుకో రాజా అని. ఊరికి ఆ పేరు అట్లా వచ్చిందంట. తొమ్మిది వందల ఏళ్ల సంగతిని నువ్వు అంటతో కట్టి చెబుతావు, గుడిలో దీపం పెట్టానని మాత్రం అంట లేకుండా చెబుతావు. టర్కిష్ వ్యాకరణం నేర్చుకోవడానికి ఇక్కడికి రాకముందే నువ్వు నాకు పాఠం చెప్పేశావన్నమాట.

ఈ తేడాను ఎవరు మొదట రాసిపెట్టారో తెలిస్తే ఇంకా ఆశ్చర్యపోతావు. పదకొండో శతాబ్దంలో, అంటే నన్నయ భారతం మొదలుపెట్టిన శతాబ్దంలోనే, 1070ల్లో బాగ్దాదులో మహమూద్ కాష్గరీ అనే ఆయన అరబ్బులకు తుర్కుల భాష నేర్పడానికి ఒక పెద్ద నిఘంటువు రాశాడు. అందులో ‘బర్దీ’ అంటే చెప్పేవాడు చూస్తుండగా వెళ్లాడని, ‘బర్మిష్’ అంటే చెప్పేవాడు లేనప్పుడు వెళ్లాడని స్పష్టంగా వేరు చేశాడు. ఇప్పుడు ప్రపంచంలో దీనికి ఒకటే రాతప్రతి మిగిలింది, 1266లో డమాస్కస్‌లో నకలు తీసినది. అది ఇక్కడే, ఫాతిహ్ పేటలోని మిల్లెత్ గ్రంథాలయంలో ఉంది. ఆ గ్రంథాలయాన్ని 1916లో అలీ ఎమీరీ అనే పుస్తకాల పిచ్చివాడు పెట్టాడు. ఆయనే 1910ల్లో ఈ ప్రతిని పాత పుస్తకాల బజారులో కొన్నాడు. జేబులో సగం డబ్బే ఉందంట. మిగతా డబ్బు తెచ్చేలోపు ఎవరైనా కొనేస్తారేమోనని అంగడివాణ్ణి లోపలే పెట్టి తాళం వేసి, దారిన పోయే స్నేహితుణ్ణి పట్టుకుని డబ్బు తెచ్చుకున్నాడంట. ఈ చివరి రెండు వాక్యాలకు అంట ఎందుకు పెట్టానో నీకు చెప్పనక్కర్లేదు.

మిష్ ఊరికే విన్న కబురు కాదని, బుద్ధికి తయారీ ఉందా లేదా అన్నది కూడా దానిలో ఉందని అయ్హాన్ అక్సు, డాన్ స్లోబిన్ అనే ఇద్దరు పండితులు 1980ల్లో రాశారు. వాళ్లిచ్చిన ఉదాహరణ నాకు భలే నచ్చింది. 1974లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. అదే ఏడాది టర్కీ ప్రధాని ఎజెవిత్ కూడా చేశాడు. రెండూ జనానికి రేడియోలో, పేపర్లో తెలిసినవే, ఎవరూ చూసినవి కావు. అయినా నిక్సన్ సంగతి మిష్‌తో చెప్పుకున్నారు, ఎజెవిత్ సంగతి చూసినట్టే చెప్పుకున్నారు. ఎందుకంటే ఎజెవిత్ పోతాడని అందరూ ముందే అనుకుంటున్నారు, నిక్సన్ సంగతి నెత్తిన పడింది. ఇది మన అంటకు లేని గుణం.

ఇక్కడి పేపర్లు, టీవీ వార్తలు మాత్రం మిష్‌కు చోటివ్వవు. విలేఖరి చూడకపోయినా చూసిన భూతకాలంలోనే రాస్తాడు. మన పేపర్లలో అంట రాదు కానీ ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘భోగట్టా’ అనే మారువేషాల్లో తిరుగుతుంటుంది. కోర్టు సంగతి చెప్పాలా? ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులో బోనెక్కి ‘కొట్టిండంట’ అంటే వకీలు అక్కడే ఆపేస్తాడు. నోటిమాట సాక్ష్యం చూసినవాడే, విన్నవాడే స్వయంగా చెప్పాలని 1872 నాటి సాక్ష్యాల చట్టం 60వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ నియమం కొనసాగింది. చట్టానికి తెలుగు వ్యాకరణం రాదు కానీ అంటను గుర్తుపట్టగలదు.

అన్నట్టు, యాత్రికులను నమ్మొద్దని కూడా ఇక్కడే నేర్చుకున్నాను. 1611లో ఇదే ఊళ్లో పుట్టిన ఎవ్లియా చెలెబి నలభై ఏళ్లు తిరిగి పది సంపుటాల ‘సెయాహత్‌నామె’ రాశాడు. ఎర్జురుమ్ అనే ఊళ్లో చలి ఎంతంటే, ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకిన పిల్లి గాలిలోనే గడ్డకట్టిపోయి, ఎనిమిది నెలలకు ఎండ కాసినప్పుడు కరిగి మ్యావ్ అంటూ కిందపడిందని అందులో ఉంది. తెయ్‌జెకు ఈ కథ చెబితే ఆవిడ నవ్వి ‘దుష్ముష్ ము?’ అంది. పడిందంటనా? చూడు, ఇదొక్కచోట మన అంటనాకు, వాళ్ల ప్రశ్నకు అణువంత తేడా లేదు.

నా మట్టుకు నాకు, ఇంత తిరిగాక తోచింది ఇది. తెలిసింది చెప్పమని అడగడం, నువ్వు చూశావా అని నిలదీయడం వేరువేరు పనులు. వీళ్ల ప్రశ్న ఆ రెండింటినీ మొదటి మాటలోనే విడదీస్తుంది. మనకు ‘ఏమైందంట?’ దగ్గర ఆ నేర్పు ఉంది, ‘వచ్చిండా?’ దగ్గర లేదు. అక్కడ వీళ్లదే పైచేయి అని ఒప్పుకోవాలి.

ఇప్పుడు నీకో పని. బల్గేరియన్ల భాషలో కూడా విన్న సంగతులకు వేరే రూపముంది. అయిదు వందల ఏళ్లు టర్కీవాళ్ల ఏలుబడిలో ఉండి నేర్చుకున్నారని కొందరు పండితులు, కాదు వాళ్ల సొంతమేనని కొందరు తగువు పడుతుంటారు. మన దగ్గర కూడా ఒకటుంది కదా. సైదాబాద్, మలక్‌పేట్ వైపు పాత దఖ్నీ మాట్లాడేవాళ్లు ‘ఆయా కతే’, ‘గయా కతే’ అంటారు. ఢిల్లీ ఉర్దూవాళ్లు అట్లా అనరు. ఆ ‘కతే’ మన అంటను చూసి పుట్టిందంట. చెప్పేటప్పుడు అంటారని తెలుసు. అడిగేటప్పుడు ఏం చేస్తారు? ‘ఆయా కతే క్యా?’ అంటారా, ‘క్యా హువా కతే?’ అంటారా? నీకు ఐ.ఎస్. సదన్ బస్టాపు దగ్గర తెలిసిన పెద్దవాళ్లున్నారు, చాయ్ తాగుతూ మాట్లాడుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని విను. నువ్వు ఎట్లా అంటారని అడిగితే వాళ్లు మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు, అది పనికిరాదు. నీ చెవిన పడ్డది పడ్డట్టు రాయి. ఎవరో చెబితే రాసినదానికి మాత్రం అంట పెట్టు.